పెట్టిన రాయి

మా రోడ్డు గ్యాంగులో ఒక పద్ధతి ఉంది. ముందు నడిచేవాడు పగుళ్లు చూస్తాడు. పగులు కనబడిన చోట బొటనవేలంత కంకరరాయి పెట్టి ముందుకు పోతాడు. వెనక తారు డబ్బాతో వచ్చేవాడు ఆ రాయి చూసి ఆగుతాడు. కాలితో దాన్ని పక్కకి తన్ని పగుల్లో తారు పోస్తాడు. మధ్యలో నడిచేవాళ్లెవరూ ఆ రాయిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పగులు తప్పిపోతుంది, వానలు పడేసరికి అదే గుంట అవుతుంది. దొర్లిపడ్డ రాయి వేరు, పెట్టిన రాయి వేరు. చూడగానే మాకు తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందని అడిగితే మాత్రం చెప్పలేం.

ముందు నడిచేది మా బావ. వెనక తారు డబ్బా నాది. ముప్పై ఒక్క ఏళ్లు అలాగే నడిచాం.

బావ అంటే మా అక్క భర్త. నన్ను ఈ పనిలో పెట్టింది ఆయనే. గ్యాంగులో అందరూ ఆయన్ని రేడియో అంటారు. పొద్దున్నే మొదలైతే పడుకునేదాకా ఆగదు. నన్ను మూగాయన అంటారు. నాకు మాటలు రాక కాదు. నా మాట నోటిదాకా వచ్చేసరికి పక్కవాళ్లు ఇంకో సంగతిలోకి వెళ్లిపోయి ఉంటారు. ఇక ఎందుకులే అని మింగేస్తాను.

అలా మింగినందుకు ఒకసారి నష్టం జరిగింది. పనిలో చేరిన రెండో ఏడు. కాగుతున్న తారు పీపా మూత వదులైందని నేను చూశాను. చెబుదామనుకున్నాను. బావ ఏదో కథ చెబుతున్నాడు, అది అవ్వనీ అనుకున్నాను. కథ అవ్వకముందే మూత ఎగిరింది. బావ కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. నాకు ముందే తెలుసని నేనే తర్వాత చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. "పోనీలే, నా చెయ్యి కాలాకైనా నీ నోరు తెరుచుకుంది" అని నవ్వాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరినవాళ్లకి చూపించి, "మా బావమరిది మాట్లాడితే ఇంత ఖరీదు" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. నా భార్య పోయినప్పటినుంచి అక్కే నాకూ క్యారియర్ కడుతుంది. గోడ అవతల బావ మాట్లాడుతూనే ఉంటాడు, అక్క ఊ కొడుతూనే ఉంటుంది. ఆ మాటల్లోనే నాకు నిద్ర పడుతుంది.

ఇది జరిగేనాటికి బావ రిటైరు కావడానికి నాలుగు నెలలుంది. ముప్పై ఆరేళ్ల సర్వీసు పుస్తకంలో ఒక్క ఎర్ర గీత లేదు. తప్పు చేసినవాళ్ల పుస్తకంలో ఎర్ర సిరాతో రాస్తారు. ఆయన ఆ పుస్తకం నకలు తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంటికి ఎవరొచ్చినా చూపించేవాడు. చదవడం రాని నాకు కూడా పదిసార్లు చూపించాడు. "చూడరా, అంతా నీలమే" అనేవాడు.

అక్క ఒకరోజు క్యారియర్ ఇస్తూ నాతో అంది: "ఈ నాలుగు నెలలూ కాస్త కనిపెట్టుకుని ఉండు తమ్ముడూ. ఆయన నోటితో ఎక్కడ ఏం కొని తెచ్చుకుంటాడో."

నేను తలూపాను.

ఆ రోజుల్లోనే సరిహద్దులో గొడవలు ముదిరాయి. పెద్ద విమానాశ్రయాల మీద బాంబులు పడితే యుద్ధ విమానాలు ఎక్కడ దిగాలి అన్న ప్రశ్న వచ్చింది. రోడ్డు మీద దిగాలన్నారు. అలాంటి రోడ్డు వెతికితే మా పెద్ద రోడ్డులో మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ ముక్క తాడు గుంజినట్టు తిన్నగా ఉంది. అది మా గ్యాంగుదే.

నెల్లాళ్లు పని చేశాం. దీపాల స్తంభాలు పీకాం. బోర్డులు విప్పాం. రోడ్డు మధ్యలో ఉన్న సిమెంటు దిమ్మెలు క్రేనుతో ఎత్తి, వాటి కింద గాడిని కంకరతో నింపి తారు పోశాం. పాత తారుకీ కొత్త తారుకీ మధ్య అతుకు ఆ చివరినుంచి ఈ చివరికి ఒకే గీతలా పోయింది. నాకు ఆ అతుకు నచ్చలేదు. తారు చల్లారాక రోలర్ నడిపారు. వేడి మీద నడపాలి. ఇంజనీరుగారికి చెప్పేవాళ్లం కాదు మేం.

వైమానిక దళం వాళ్లు వచ్చి రోడ్డు పక్కన లారీ మీద, విమానాలతో మాట్లాడే గాజు గది పెట్టారు. ఆయిలు ట్యాంకర్లు, నిప్పులార్పే బండి, గాలి ఎటు వీస్తుందో చూపించే గుడ్డ గొట్టం, రోడ్డు అంచున వంద మీటర్లకొకటి చొప్పున కొత్త నంబరు బోర్డులు వచ్చాయి. నేల మీది పనంతా చూసేది ఒక ఆఫీసరమ్మ. పొట్టిగా, సన్నగా ఉంటుంది. మా అక్క కూతురి వయసుంటుంది. మొదటి రోజే మా గ్యాంగునీ సిపాయిలనీ నిలబెట్టి, అరచేతిలో ఒక చిన్న నట్టు పెట్టుకుని చూపించింది. జెట్టు ఇంజను ఎదురుగా ఉన్నదాన్నంతా లోపలికి లాగేసుకుంటుందట. ముందు చక్రం ఎగజిమ్మిన గులకరాయి లోపలికి పోతే చాలు, ఇంజను లోపలి రెక్కలు విరిగి అది పేలుతుందట. ఇంత చిన్న నట్టుకి తనతో చదువుకున్న పైలట్ ఒకతను పోయాడని చెప్పింది. నట్టు జేబులో పెట్టుకుంది.

దానికోసం వరస నడక అని పెట్టారు. నలభై మందిమి చేతులు చాపితే తగిలేటంత దూరంలో రోడ్డుకి అడ్డంగా నిలబడతాం. నడుముకి గుడ్డ సంచి. కళ్లు నేల మీదే. రాయి, మేకు, సీసా మూత, టైరు ముక్క, ఏది కనబడినా సంచిలో వెయ్యాలి. ఆ చివరికి వెళ్లాక కుడివాళ్లు ఎడమకి, ఎడమవాళ్లు కుడికి మారి తిరిగి రావాలి. ఒకరి కన్ను తప్పింది ఇంకొకరికి దొరకాలని. నడుమ అతుకు ఉంది కాబట్టి అక్కడ మా గ్యాంగువాళ్లని పెట్టారు, సిపాయిలు అంచుల్లో. రోడ్డెక్కేముందు జేబులు ఖాళీ చేయించేవాళ్లు. చెప్పుల అడుగున ఇరుక్కున్న గులకలు పుల్లతో పీకించేవాళ్లు. మా నడక అయ్యాక ఊడ్చే బండి ఒకటి బ్రష్షులు తిప్పుకుంటూ వెళ్లేది. అప్పుడు గానీ రోడ్డు శుభ్రమైనట్టు లెక్క కాదు.

ఇంజనీరుగారు కూడా వచ్చి మాకు ఒక మాట చెప్పి వెళ్లారు. మా భాగంలో ఒక్క రాయి దొరికినా ఆ మనిషి ఉద్యోగం ఊడుతుందని.

బావకి ఆ నడక పండగలా ఉండేది. మా గ్యాంగులో తారు పాత్రలు తోమే చిన్నక్క ఉంది. ఆమె అరవై దగ్గరపడినా అందరికీ చిన్నక్కే. ఆమెతో అనేవాడు: "ముప్పై ఆరేళ్లు రోడ్డు మీద రాళ్లు పోశాను. ఇప్పుడు ఏరుకోమంటున్నారు. ఏం ఉద్యోగమే ఇది?"

"పోసినప్పుడు మాట్లాడకుండా పోసుంటే ఇన్ని పడేవి కావు" అనేది చిన్నక్క.

జెట్లు వచ్చే రోజు పది గంటలకి దిగుతాయన్నారు. మేం ఏడున్నరకే నడక మొదలుపెట్టాం. పోవడం అయింది, రావడం అయింది. ఊడ్చే బండి స్టార్ట్ చేస్తుండగా గాజు గదిలోంచి ఒకడు కిందికి పరుగెత్తుకొచ్చాడు. అక్కడ వాళ్ల అసలు రన్‌వే మీద ఒక విమానం టైరు పేలి అడ్డంగా పడిపోయిందట. గాల్లో ఉన్న నాలుగు జెట్లకి దిగే చోటు లేదు. ఇక్కడికే వస్తున్నాయి. పావుగంటలో. ఆయిలు కూడా అంతంతమాత్రమే ఉందట.

ఊడ్చే బండిని రోడ్డు మీదినుంచి తీసేశారు. పోయి రావడానికి దానికి పావుగంట పైనే పడుతుంది. ఆఫీసరమ్మ మా ఇంజనీరుగారిని అడిగింది, నడక రెండువైపులా అయిందా అని. ఆయన మావైపు చూశారు. మేమంతా అయిందన్నాం. నిజమే, అయింది.

మమ్మల్ని తాడు అవతల నిలబెట్టారు. పక్షుల్ని తోలేవాడు టపాకాయ ఒకటి పేల్చాడు. తర్వాత అంతా నిశ్శబ్దం, మా బావ తప్ప. ఆయన ఆఫీసరమ్మ జీపు డ్రైవరుకి రోడ్డు గురించి చెబుతున్నాడు. ఏ ముక్క ఏ ఏడు వేశారో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో. నేను ఆకాశం చూస్తున్నాను. ఆయన నా భుజం తట్టి అన్నాడు:

"జెట్లు వెళ్లిపోయాక తారు డబ్బా పట్టుకురా. పద్దెనిమిదో బోర్డు దగ్గర అతుకులో పగులుంది. గుర్తు పెట్టాలే."

"దేంతో?" అన్నాను.

బావ నోరు తెరిచాడు. మూశాడు. నావైపు చూస్తూ ఉండిపోయాడు. కాలిన చెయ్యి ఎత్తి, వేళ్లు చూసుకున్నాడు. అవి వేరేవాళ్ల వేళ్లు అయినట్టు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. పోయేటప్పుడు బావ నడిచిన దారిలో తిరిగి వచ్చేటప్పుడు నేను నడిచాను. పద్దెనిమిదో బోర్డు దగ్గర, అతుకు మీద, బొటనవేలంత రాయి. నా కళ్లు దాన్ని చూశాయి. నా కాళ్లు దాన్ని తప్పుకుని పక్కగా పడ్డాయి. చెయ్యి వంగనే లేదు. అది పడిన రాయి కాదు. పెట్టిన రాయి. పెట్టిన రాయి ఎవరూ తియ్యరు. నా పక్కన చిన్నక్క కూడా నడిచింది. ఆమె కూడా తియ్యలేదు.

ఇంత కథా నా బుర్రలో ఒక్క ఊపిరిలో తిరిగింది. దాని వెనకే నాలుగు నెలలు, ప్లాస్టిక్ కవరు, అక్క మాట కూడా తిరిగాయి. చెబితే బావ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ రాయి మీదికి చక్రం వెళ్లకపోవచ్చు కూడా. అంత పెద్ద రోడ్డులో అదెంత? కానీ అది నట్ట నడుమ ఉంది. ముందు చక్రం దొర్లేది అక్కడే.

బావ గొంతులోంచి మాట రావడం లేదు. నేనెరిగిన నలభై ఏళ్లలో మొదటిసారి.

నేను తాడు కిందినుంచి దూరాను. ఒక సిపాయి నా చొక్కా పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. గాజు గది కింద నిలబడి పైకి చూసి అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకూ తెలీదు.

"అమ్మా! రోడ్డు మీద రాయుంది. ఆపండి!"

ఆఫీసరమ్మ తల బయటపెట్టింది. "ఎక్కడ?"

"పద్దెనిమిదో బోర్డు. నడుమ."

ఎలా తెలుసని అడగలేదు. ఎవరిదని అడగలేదు. లోపలికి తిరిగి మైకులో ఏదో చెప్పింది. మెట్లు రెండేసి దిగి జీపెక్కింది. "ఎక్కు తాతా. పైలట్లు పది నిమిషాలు పైనే తిరుగుతారు. అంతకన్నా ఆయిలు లేదు." నేను బావవైపు చూశాను. ఆయన అప్పటికే తాడు దాటి వస్తున్నాడు. చెయ్యిచ్చి జీపులోకి లాగాను.

దారిలో నెత్తిమీద ఎక్కడో ఎత్తులో ఉరుములాంటి శబ్దం గుండ్రంగా తిరుగుతోంది. బావ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

రాయి పెట్టిన చోటే ఉంది. నేను తీసి సంచిలో వేశాను. ఆఫీసరమ్మ అమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి జీపు తిప్పమంది. కానీ బావ కదల్లేదు. వంగి, కాలి మడమతో అతుకు పక్కన తట్టాడు. టక్ అనాల్సింది, డొబ్ అంది. ఇంకోసారి తట్టాడు.

"అమ్మా, ఇది లేస్తుంది" అన్నాడు.

పగుల్లోకి వేళ్లు దూర్చి పైకి లాగాడు. అరచేతంత తారు పెచ్చు ఊడి వచ్చింది. దాని పక్కన ఇంకోటి. కింద పొడి కంకర. ఆఫీసరమ్మ మోకాళ్ల మీద కూర్చుని చూసింది. ఆమె ముఖం రంగు మారింది.

"మిగిలింది పట్టు ఉందా?"

"గట్టిదేదో పోయేదేదో చేత్తో చూసి చెబుతాను. రెండు నిమిషాలు ఇవ్వమ్మా" అన్నాడు బావ.

బావ ఊడేదంతా పీకాడు. నేను కంకర సంచిలో నింపాను. సంచి చాలకపోతే చొక్కా విప్పి మూటకట్టాను. ఆఫీసరమ్మ టోపీ తీసి దానిలో పోసింది. జీపు డ్రైవరు తువ్వాలుతో పొడి తుడిచాడు. చివరికి వేలు లోతున, చేటంత గుంట మిగిలింది. అంచులు బావ మళ్లీ తట్టి చూశాడు. అన్నీ టక్ అన్నాయి. ఆఫీసరమ్మ వైర్లెస్సులో చెప్పింది: నడుమ గీతకి కుడిపక్క ఆరడుగులు జరిగి దిగమని.

మేం తాడు దగ్గరికి చేరేసరికి ఒంటిమీద చొక్కా లేకుండా నేనూ, వేళ్లకి నెత్తురుతో బావా. మొదటి జెట్టు దిగింది. చూడ్డానికి ముందు, వినడానికి ముందు, అరికాళ్లకి తెలిసింది. రోడ్డు వణికింది. పద్దెనిమిదో బోర్డు దాటుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది వెనక గుడ్డ గొడుగు విప్పుకుని దూరంగా నెమ్మదిస్తోంది. తర్వాత రెండోది. మూడోది. నాలుగోది కాస్త ఊగి దిగింది. అందులోంచి దిగిన పిల్లాడు మెట్టు మీదే కూర్చుని మంచినీళ్లు అడిగాడు. ఆ పిల్లాడి ట్యాంకులో ఇంకో రెండు నిమిషాలకే ఆయిలు ఉందని డ్రైవరు తర్వాత చెప్పాడు.

ఇక మా సంగతి వచ్చింది. ఇంజనీరుగారు ముఖం ఎర్రగా చేసుకుని వచ్చారు. ఆయన అరిచిందంతా ఇక్కడ ఎందుకు? ఆఫీసరమ్మ మాత్రం మెల్లగా అడిగింది, ఆ రాయి ఎవరు పెట్టారని.

బావ నోరు తెరిచాడు. నేను ముందు చెప్పేశాను.

"మేం" అన్నాను.

బావ నావైపు తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తుంది. కొట్టేవాడిలా చూశాడు.

ఆఫీసరమ్మ తన కాగితంలో రాసింది, తప్పు ఒప్పుకుని చెప్పింది ఈ మనుషులే, లేచిపోయే పెచ్చు చూపించింది కూడా వాళ్లేనని. అందుకే ఉద్యోగాలు పోలేదు. కానీ గీతలు తప్పలేదు. ఇద్దరి పుస్తకాల్లోనూ ఎర్ర సిరా పడింది. జెట్ల రోడ్డు మీదినుంచి మా గ్యాంగుని తీసి, పక్క రోడ్లకి వేశారు. చిన్నక్క నా దగ్గరికి వచ్చి, "నేనూ చూశానయ్యా. రేడియో పెట్టింది కదా అని వదిలేశాను" అని మెల్లగా అంది. ఊరుకోమన్నాను. రెండు గీతలు చాలు.

ఆ రోజునుంచి బావ నాతో మాట్లాడలేదు. నాతోనే కాదు, ఎవరితోనూ. గోడ అవతల చప్పుడు లేదు. అక్క గిన్నెల చప్పుడు, కుక్కర్ ఈల, అంతే. నాకు నిద్ర పట్టేది కాదు. మూడో రోజు అక్క క్యారియర్ ఇస్తూ అడిగింది, అక్కడ ఏం జరిగిందని. ఏముంది, దిగాయి అన్నాను. "ఆయన్ని అడిగితే నిన్ను అడగమన్నాడు. నిన్ను అడిగితే ఇది. నా ఖర్మ, ఇంట్లో ఇద్దరు మూగాళ్లు" అని మూత గట్టిగా బిగించింది.

పనిలో ఇంకో వింత. బావ ముందు నడిచేవాడు, పగులు చూసేవాడు, రాయి మాత్రం పెట్టేవాడు కాదు. పగులు మీద కాలు పెట్టి అక్కడే నిలబడిపోయేవాడు. నేను డబ్బాతో వచ్చాక కాలు తీసి ముందుకు పోయేవాడు. రోజుకి రెండు కిలోమీటర్లు చేసేవాళ్లం అరకిలోమీటరు కూడా చెయ్యలేదు. ఎండలో రోడ్డు నడుమ గుంజలా నిలబడ్డ మనిషిని చూసి లారీలవాళ్లు హారన్లు కొట్టేవాళ్లు. "రేడియో పోయి దీపస్తంభం వచ్చింది" అంది చిన్నక్క. ఎవరూ నవ్వలేదు.

పదో రోజు మధ్యాహ్నం అలాగే నిలబడి ఉన్నాడు. నేను డబ్బా కింద పెట్టాను. పొయ్యలేదు.

"రాయి పెట్టు బావా" అన్నాను.

నావైపు తిరగకుండానే అన్నాడు: "నా పుస్తకంలో పడింది నాది. నేను పెట్టాను, నాకు పడింది. నీ పుస్తకంలో ఎందుకు పడాలి? నువ్వు పెట్టావా?"

"లేదు."

"మరి మేం అని ఎందుకన్నావ్? నా మీద జాలా? నీకు పని నేర్పినవాణ్ణి. నువ్వు నాకు గొడుగు పట్టేదాకా వచ్చానా?"

"చూశాను" అన్నాను.

"ఏం చూశావ్?"

"రాయి. తిరిగొచ్చేటప్పుడు. చూసి, పక్కకి తప్పుకుని వచ్చాను. నువ్వు పెట్టింది కదా అని."

బావ కాలు పగులు మీదినుంచి జారింది. రోడ్డు అంచున ఉన్న తారు పీపా మీద కూర్చున్నాడు. నావైపు చూశాడు, రోడ్డువైపు చూశాడు.

"చూశావా?"

"చూశాను. అందుకే మేం అన్నాను."

"మరి పది రోజులనుంచి చెప్పవేంరా?"

"నువ్వు అడగలేదు."

ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కళ్లలో నీళ్లు ఉన్న మాట నిజమే. కానీ నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, పీపా మీద ముందుకీ వెనక్కీ ఊగుతూ నవ్వుతున్నాడు. చిన్నక్కని పిలిచి, "వినవే, అడగలేదంట! నేను అడగలేదంట!" అన్నాడు. ఆ సాయంత్రం దాకా అదే మాట దారిన పోయే లారీ డ్రైవర్లకి కూడా చెప్పాడు. ఆ రాత్రి గోడ అవతల మాటలు మొదలయ్యాయి. ఎక్కడిదాకా విన్నానో తెలీదు, నిద్రపోయాను.

నెలన్నర తర్వాత జీపు డ్రైవరు మా క్వార్టర్లకి వచ్చాడు. జెట్లు మళ్లీ దిగుతున్నాయట. అతుకంతా తవ్వి కొత్తగా పోశారట, పాత పని మీద ఇంజనీరుగారికీ ఎర్ర సిరా పడిందని డ్రైవరు నవ్వుతూ చెప్పాడు. కొత్త అతుకుని చేత్తో తట్టి చూసే ముసలాయన్నీ, ఆయన వెనక వచ్చే మాట్లాడని ఆయన్నీ పంపమని ఆఫీసరమ్మ అడిగిందట. ఒక అట్టపెట్టె కూడా పంపింది. తెరిస్తే పసుపు రంగు సుద్దముక్కలు. లావుగా, బొటనవేలంత ఉన్నాయి.

బావ ఒకటి తీసి వాసన చూశాడు. "ముప్పై ఆరేళ్ల సర్వీసుకి బడికి పంపుతున్నారు" అన్నాడు. అక్క ఆ పెట్టెని చేతిలోంచి లాక్కుని, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ కవరు నాకు తెలుసు. అందులో ఉండే పుస్తకం నకలు అలమారలో చీరల కిందికి వెళ్లిపోయింది.

ఆ పొద్దున మూడు కిలోమీటర్లూ మేమిద్దరమే ముందు నడిచాం. బావ మడమతో తట్టుకుంటూ, చెవి పెట్టి వింటూ, ఎప్పటిలా మాట్లాడుకుంటూ. నేను పాతిక అడుగుల వెనక తారు డబ్బాతో. ఆయన చెయ్యి రెండుమూడుసార్లు రాయికోసం రోడ్డు అంచువైపు పోవడం, మళ్లీ జేబులోకి వెళ్లి సుద్ద తియ్యడం చూశాను. పద్దెనిమిదో బోర్డు దగ్గర అతుకు గట్టిగా ఉంది. టక్ అంది. ఆయన వెనక్కి తిరిగి నాకు తలూపి ముందుకు పోయాడు.

ఇరవై రెండో బోర్డు దగ్గర వెంట్రుకంత పగులు దొరికింది. దాని చుట్టూ పసుపు గీత గుండ్రంగా గీసి పోయాడు. నేను అక్కడికి వచ్చి ఆగాను. డబ్బా వంచబోతూ, కుడికాలు ఎత్తి ఆ గీతలో ఉన్నదాన్ని పక్కకి తన్నాను.

అక్కడ ఏమీ లేదు. కాలు గాల్లో ఊగి, నేను పడబోయి నిలదొక్కుకున్నాను.

బావ చూడలేదనుకున్నాను. ఆయన ముందుకే నడుస్తున్నాడు. నాలుగడుగులు వేశాడు. ఆగాడు. అటు తిరిగి ఉండగానే ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి.